పఠాభిని మొదటిసారి చదివేవాళ్లకు

పఠాభి కవితల పుస్తకం ‘ఫిడేలు రాగాల డజన్’ (1939) తెరిచేముందు ఒక సాయంత్రం, భావకవిత్వానికి పేరుపడ్డ కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ చదవండి. ఆ విరహం, ఆ కన్నీళ్లు ఇంకా చెవిలో ఉండగానే పఠాభి దగ్గరికి రావాలి. తాను భావకవిని కానని, అహంభావకవినని ఆయన ప్రకటించుకున్నప్పుడు నవ్వు రావాలంటే దెబ్బ ఎవరికి తగులుతోందో తెలిసి ఉండాలి కదా. క్లాసులో నేను ఈ వరస తప్పనివ్వను. నేరుగా పఠాభితో మొదలుపెడితే పిల్లలు ‘ఇందులో ఏముంది మేడమ్, మేమూ ఇలాగే మాట్లాడతాం’ అంటారు. మాట్లాడతారు, నిజమే. 1939లో తెలుగు కవిత్వం అలా మాట్లాడేది కాదు.

ఇక పుస్తకాన్ని పైకి చదవండి, పక్కన ఇంకొకరు వింటుంటే మరీ మంచిది. వచన పద్యాలనే దుడ్డుకర్రలతో పద్యాల నడుములు విరగ్గొడతానని, చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని చాల దండిస్తానని బెదిరించే చోట కాసేపు ఆగండి. అక్కడ ఆయన రాసింది ‘నడుములు’ కాదు, ‘నడుముల్’. తన్నులు తినబోయే పద్యకవులు వాడే బహువచన రూపమే అది! ‘బాల’ పక్కనే ‘చాల’ వచ్చి ప్రాస కూడా కుదురుతుంది. వ్యాకరణం మీద కర్ర ఎత్తినవాడికి ఛందస్సు బాగా తెలుసని నాకు అక్కడే అర్థమవుతుంది. కళ్లతో పరిగెత్తేవాళ్లకు ఇది దొరకదు. ఇంగ్లీషు మాటలు వచ్చినచోట తడబడకుండా, తెలుగు మాటల ఊపులోనే చదివేయండి.

శ్రీశ్రీ రాసిన ‘ఇంట్రో’ పుస్తకం మొదట్లో ఉన్నా, చివర చదవడమే మేలు. అంత పెద్దాయన తీర్పు ముందే విన్నాక మన అభిప్రాయం నోరెత్తదు. అయినా ఆ ఇంట్రో రాసేనాటికి ఆయన ‘మహాప్రస్థానం’ పుస్తకంగా రానేలేదు, అది వచ్చింది 1950లో.

జీవితం గురించి ముందుగా ఎక్కువ అక్కర్లేదు. నెల్లూరు మనిషి, అసలు పేరు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, శాంతినికేతన్‌లో చదువుకున్నాడు, ఈ పుస్తకం వచ్చేనాటికి ఇరవయ్యేళ్లవాడు. అంతే చాలు. కవితలయ్యాక మాత్రం ఆయన దర్శకత్వం వహించిన కన్నడ సినిమా ‘సంస్కార’ (1970) చూడండి. అనంతమూర్తి నవల ఆధారంగా తీసిన ఆ సినిమాకు జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. అందులో చంద్రి పాత్ర వేసింది పఠాభి భార్య స్నేహలత. ఎమర్జెన్సీలో జైలుపాలై, బయటికొచ్చిన కొద్ది రోజులకే 1977 జనవరిలో చనిపోయింది. ఆచారం మీద పఠాభి తిరుగుబాటు ఈ సినిమాలో నవ్వదు, గొంతు పెంచదు. అందుకే దీన్ని కవితలకు ముందు చూడొద్దంటాను.

ఆయన మాటల చమత్కారాల (‘పన్’ల) పుస్తకం ‘పఠాభి పన్‌చాంగం’ దొరికితే మాత్రం ఏ పేజీ తెరిచినా ఫర్వాలేదు, దానికి వరస లేదు.