ముందు అద్దం మార్చాక కెమెరా సరిగా పని చేయకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

ఎన్‌హెచ్ 65 మీద నార్కట్‌పల్లి దాటాకనో, ఎన్‌హెచ్ 44 మీద జడ్చర్ల, కొత్తకోట మధ్యనో ముందు పోయే కంకర టిప్పర్ నుంచి రాయి ఎగిరి అద్దం చిట్లడం మన ప్రాంతంలో కొత్తేమీ కాదు. అయితే ఎక్స్‌యూవీ 700, హారియర్, క్రెటా, సెల్టోస్, ఎలివేట్ వంటి బండ్లలో ఏడీఏఎస్ (డ్రైవర్‌కు సాయపడే హెచ్చరిక, బ్రేకు వ్యవస్థ) ఉన్న వేరియంట్లలో ఆ అద్దం వెనుక, లోపలి మిర్రర్ దగ్గర, ఒక కెమెరా ఉంటుంది. గీత దాటితే హెచ్చరించడానికీ, ముందు వాహనం దగ్గరైతే బ్రేకు వేయడానికీ అది అద్దంలోంచే రోడ్డును చూస్తుంది. అందువల్ల అద్దం బిగించడంతో సగం పనే పూర్తవుతుంది. కెమెరాకు కాలిబ్రేషన్ (చూపును సరైన కోణానికి సరిచేయడం) జరిగితేనే మిగతా సగం పూర్తయినట్టు.

బిల్లు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ వచ్చింది

అద్దం ధర ఒక్కటే అడిగి పని మొదలుపెట్టించడమే దీనికి కారణం. కెమెరాను పట్టి ఉంచే బ్రాకెట్‌తో వచ్చే అద్దం, దాన్ని అంటించే సీలెంట్, అంచు రబ్బరు బీడింగ్, వర్షాన్ని గుర్తించే సెన్సార్ ఉంటే దాని జెల్ ప్యాడ్, కూలీ, కాలిబ్రేషన్: ఇవన్నీ వేర్వేరు పద్దులు. పాత అద్దం విప్పకముందే ఇవన్నీ ఎస్టిమేట్‌లో విడివిడిగా రాయించుకుని, బీమా క్లెయిమ్ అయితే కాలిబ్రేషన్ ఛార్జీని బీమా సర్వేయర్ ఒప్పుకున్నారో లేదో అడగాలి. సాధారణ సమగ్ర పాలసీలో అద్దానికి తరుగు కోత ఉండదు గానీ, జీరో డిప్రిసియేషన్ (తరుగు కోయని అదనపు కవర్) లేకపోతే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం కోత పడుతుంది. ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మనం భరించాల్సిన మొత్తం 1500 సీసీ ఇంజిన్ వరకు 1000 రూపాయలు, ఆపైన 2000 రూపాయలు. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, 20 నుంచి 50 శాతం దాకా ఉంటుంది కాబట్టి, అది ఎంత పోతుందో లెక్క వేసుకున్నాకే క్లెయిమ్ పెట్టాలి.

చిన్న చిట్లు అయితే, అందులోకి దుమ్ము, నీళ్లు చేరకముందే రెసిన్‌తో పూడ్పించడం ఎంతో చౌక. కెమెరా చూసే భాగంలో చిట్లితే మాత్రం పూడ్చిన మచ్చ దానికి అడ్డు వస్తుంది కనుక అద్దం మార్చాల్సిందే.

హెచ్చరిక గుర్తు వెలుగుతోంది

కెమెరా కనెక్టర్ పూర్తిగా దిగి ఉండదు, లేదా కాలిబ్రేషన్ చేసి ఉండరు. కనెక్టర్ చూసి, బండిలో నమోదైన లోపం కోడ్‌లను చదివే స్కానర్ పెట్టి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. స్కానర్‌తో ఆ కోడ్ చెరిపి బండి అప్పగిస్తే దాన్ని మరమ్మతు అనుకోవద్దు.

గుర్తు ఏదీ లేదు, కానీ బ్రేకు హెచ్చరిక ఆలస్యంగా వస్తోంది, లేన్ గీతలు తప్పుగా చూపిస్తోంది

దీపం వెలగలేదు కాబట్టి అంతా సరిగానే ఉందనుకునేవారే ఎక్కువ. కెమెరా చూపు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే 50 మీటర్ల దూరంలో దాదాపు 87 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పక్క వరుసలోని లారీ మన వరుసలో ఉన్నట్టు కనిపించడానికి అది చాలు. తాను పక్కకు తిరిగి ఉన్నానని కెమెరాకు ప్రతిసారీ తెలియదు. అందుకే దీపం ఉన్నా లేకున్నా అద్దం మార్చిన ప్రతిసారీ కంపెనీ చెప్పిన పద్ధతిలో కాలిబ్రేషన్ చేయించి, దాని రిపోర్టు కాగితం మీద తీసుకోవాలి.

కాలిబ్రేషన్ పదేపదే విఫలమవుతోంది

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. రెండు మూడు సార్లు విఫలమవగానే "కెమెరా పోయింది, కొత్తది వేయాలి" అనేస్తారు. నిన్నటిదాకా పని చేసిన కెమెరా అద్దం మార్చిన రోజే చెడిపోవడం చాలా అరుదు. తప్పు దాదాపు ఎప్పుడూ అద్దంలోనో, దాన్ని బిగించిన తీరులోనో ఉంటుంది. అదే అద్దం మీద కొత్త కెమెరా పెట్టినా అది కూడా విఫలమే అవుతుంది, దాని ఖర్చు మాత్రం యజమాని మీద పడుతుంది.

మొదట అద్దం మూలన ముద్రించిన గుర్తులను, పార్ట్ నంబర్‌ను మీ వేరియంట్‌తో సరిపోల్చండి. ఒకే మోడల్‌లో కెమెరా లేని వేరియంట్ అద్దం కూడా కొలతల్లో అచ్చంగా సరిపోవచ్చు. దానిమీద పగిలిన అద్దం నుంచి ఊడదీసిన బ్రాకెట్‌ను జిగురుతో అంటించి ఇచ్చిన బండ్లు నా దగ్గరకు తరచూ వస్తుంటాయి. చేత్తో అంటించిన బ్రాకెట్ కంటికి నిటారుగానే కనిపిస్తుంది, కానీ కెమెరాకు కావలసిన కోణంలో ఉండదు. చుట్టూ జిగురు పొంగి ఉన్నా, ఒకవైపు సందు ఉన్నా అనుమానించాలి. ఆ తర్వాత లోపల కూర్చుని, కెమెరా కిటికీ (కెమెరా చూడటానికి అద్దంలో వదిలిన భాగం) ఉన్న చోటు నుంచి దూరాన ఉన్న కరెంటు స్తంభాన్ని చూస్తూ తలను మెల్లగా పక్కకు కదిలించండి. స్తంభం అంచు వంకరలు పోతే ఆ అద్దం కెమెరాకు పనికిరాదు.

ఇవి రెండూ బాగున్నా విఫలమవుతుంటే, సీలెంట్ చూడాలి. అందరూ వదిలేసేది దీన్నే. పాత సీలెంట్‌ను పలుచగా, అంతటా ఒకే మందంలో కోసి, దాని మీద కొత్తది ఒకే ఎత్తులో వేయాలి. తొందరలో ఒకవైపు పాత పొర మందంగా మిగిలిపోతే అద్దం అటు లేచి కూర్చుంటుంది, దానితోపాటు కెమెరా కూడా వంగుతుంది. కాలిబ్రేషన్ చిన్న తేడాలనే సర్దుకోగలదు. ఆ హద్దు దాటితే విఫలమైనట్టు చూపిస్తుంది. పైకప్పు అంచుకూ అద్దానికీ మధ్య సందు ఎడమవైపూ కుడివైపూ ఒకేలా ఉందో లేదో కొలవండి, వేలితో రాసి ఎత్తు తేడా చూడండి. తేడా ఉంటే అద్దం విప్పి మళ్ళీ కూర్చోబెట్టడం తప్ప వేరే దారి లేదు. ఆ ఖర్చు బిగించినవారే భరించాలని గట్టిగా అడగండి.

అద్దం సరిగా కూర్చున్నాక, కాలిబ్రేషన్ జరిగే చోటు చూడాలి. కాలిబ్రేషన్ రెండు రకాలు: బండి ముందు గుర్తుల బోర్డు పెట్టి చేసేది, బండి నడుపుతూ చేసేది. బోర్డు పెట్టి చేసే కాలిబ్రేషన్‌కు సమతలమైన నేల, చాలినంత స్థలం కావాలి. మన షెడ్లలో నీళ్లు బయటికి పోవాలని సిమెంటు నేలను వాలుగా పోస్తారు. అటువంటి నేల మీద కొలత కుదరదు. టైర్లలో గాలి సరిచూడండి, డిక్కీలోని బరువు దించండి. సీలెంట్ ఆరడానికి దాని తయారీదారు చెప్పినంత సమయం ఇవ్వండి. బండి నడుపుతూ చేసే పద్ధతైతే నల్లగొండ వీధుల్లో ప్రయత్నించి లాభం లేదు. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కాలి. మహబూబ్‌నగర్ వారికి జడ్చర్ల దగ్గర. వాన లేనప్పుడు, గీతలు స్పష్టంగా ఉన్న చోట, స్కానర్ అడిగిన వేగంలో నడపాలి.

మిగతావి

మే నెల ఎండలో నిలిపిన బండి కెమెరా వేడెక్కిందని చూపితే అది లోపం కాదు. ఏసీ గాలిని అద్దం మీదికి తిప్పి చల్లబరిస్తే పోతుంది. కొత్త అద్దానికి వేడి ఆపే ఫిల్మ్ అంటించి కెమెరా కిటికీని కూడా కప్పేస్తే, అంతమేరకు తీసేయాలి. బంపర్‌లోని రాడార్‌కూ అద్దానికీ సంబంధం లేదు. వైరు తెగడం, కెమెరా నిజంగా చెడిపోవడం ఉండవచ్చు గానీ, పైన చెప్పినవన్నీ చూశాకే కెమెరాకు ఆర్డర్ పెట్టనివ్వండి.