రిచ్చి టెన్సర్ వేరియేషన్‌కి దగ్గరదారి

సాధారణ సాపేక్షతలో మెట్రిక్‌ని (దూరాలు కొలిచే టెన్సర్) కాస్త కదిపితే రిచ్చి టెన్సర్ (వక్రతని చెప్పేది) ఎంత మారుతుందో, అంటే దాని వేరియేషన్, గామాలన్నీ (మెట్రిక్ డెరివేటివ్‌లతో కట్టిన క్రిస్టాఫెల్ సింబల్స్) మెట్రిక్‌లోకి విప్పి చేద్దామని నెల్లూరులో రైలెక్కి మొదలుపెట్టా, ఒంగోలు వచ్చినా మొదటి పేజీలోనే ఉన్నా. అలా వద్దు. గామా టెన్సర్ కాదు గానీ, కోఆర్డినేట్లు మార్చినప్పుడు వచ్చే అదనపు ముక్క పాత మెట్రిక్ గామాలోనూ, కదిపిన మెట్రిక్ గామాలోనూ ఒకటే కాబట్టి వాటి తేడా, అంటే గామా వేరియేషన్, టెన్సరే. ఇప్పుడు ఒక బిందువు దగ్గర గామాలు సున్నా అయ్యే కోఆర్డినేట్లు పట్టుకోండి. గామా ఇంటూ గామా పదాల వేరియేషన్ అక్కడ పోతుంది (గామా వేరియేషన్ మాత్రం సున్నా కాదు, నేను బోల్తాపడింది ఇక్కడే). మిగిలిన రెండు మామూలు డెరివేటివ్‌లనీ కోవేరియంట్ (గామాలు కలుపుకుని టెన్సర్‌నే ఇచ్చే డెరివేటివ్) చేసేయండి, అక్కడ గామాలు సున్నా కాబట్టి రెండూ ఒకటే. రెండువైపులా టెన్సర్లే, ఇక ఏ కోఆర్డినేట్లలోనైనా చెల్లుతుంది. పాలటీనీ ఐడెంటిటీ ఇదే. ఇన్వర్స్ మెట్రిక్‌తో గుణించి కూడితే డైవర్జెన్స్ వస్తుంది, యాక్షన్ ఇంటిగ్రల్‌లో అది ప్రాంతం అంచు మీది పదంగా మారిపోతుంది. కానీ అక్కడ మెట్రిక్‌ని మాత్రమే బిగిస్తే ఆ పదం సున్నా కాదు, డెరివేటివ్‌ల సంగతీ చూసుకోవాలి.