ఓవర్‌క్లాకింగ్‌కి రెండు ప్రాసెసర్ల మదర్‌బోర్డు ఎలా ఎంచుకోవాలి? రెండో సాకెట్ చూడకుండా డబ్బులు ఇవ్వొద్దు

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కన్నా ఎక్కువకి తోలడం. మా అమలాపురం చుట్టుపక్కల అందుకని రెండు ప్రాసెసర్ల బోర్డు కొన్నవాళ్ళు నాకు తెల్సి ఐదుగురండి. అందులో ముగ్గురు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళే. ఐదుగురూ నా దగ్గరికి వచ్చింది కొన్నాకే, "బావా, బయోస్‌లో ఏం పెట్టమంటావ్" అని. బయోస్ అంటే విండోస్ రాకముందు వచ్చే బోర్డు సెట్టింగుల స్క్రీన్, స్పీడు పెంచే ఆప్షనే దాంట్లో లేకపోతే ఏం పెడతావురా! అందుకే కొనకముందు చూసుకోవాల్సినవి రాస్తున్నా, ఆయ్.

1. ఏ తరం బోర్డు

ఎల్‌జీఏ 1366 సాకెట్లు (ప్రాసెసర్ కూర్చునే చోట్లు), ఇంటెల్ 5520 చిప్‌సెట్ (ప్రాసెసర్లని బోర్డు మీద మిగతా వాటితో కలిపే చిప్పు). ఇంకోటి వద్దు. దీంట్లో బేస్ క్లాక్, అంటే ప్రాసెసర్ స్పీడుకి మూలమైన వేగం, 133 మెగాహెర్ట్జ్, పీసీఐ (గ్రాఫిక్స్ కార్డుల్లాంటివి గుచ్చే స్లాట్లు) క్లాక్‌ని కదపకుండా దాన్నొక్కదాన్నే పైకి లాగొచ్చు. ఎక్స్5650 జియాన్ (ఇంటెల్ సర్వర్ చిప్పు) తీసుకోండి, 133 ఇంటూ 20 (ఈ 20నే మల్టిప్లయర్ అంటారు) అంటే 2.66 గిగాహెర్ట్జ్, బేస్ క్లాక్ 180 చేస్తే అదే చిప్పు 3.6 అయిపోద్ది. మెమరీ స్పీడు కూడా దాంతోపాటే పెరుగుద్ది కాబట్టి దాన్ని ఒక మెట్టు దించుకోవాలి, అంతే.

కోర్లు ఎక్కువొస్తాయని అందరూ ఎల్‌జీఏ 2011కి ఎగబడతారు. ఆ ఈ5-2600 చిప్పులకి మల్టిప్లయర్ తాళం, బేస్ క్లాక్ చూస్తే 100 నించి ఓ ఐదు పెంచేసరికే మొరాయిస్తుంది, ఎందుకంటే అక్కడ పీసీఐ కూడా ఆ క్లాక్‌కే కట్టేసి ఉంటుంది. తాళం లేని ఈ5-1650 ఉందిగా అంటారు, ఉంది, కానీ దానికి పక్క ప్రాసెసర్‌తో మాట్లాడే క్యూపీఐ లింకే లేదు, జతగా పనిచెయ్యదు. 1366లోనూ డబ్ల్యూ3680 లాంటివి ఒంటరివే. నంబరు 56తో మొదలవ్వాలి.

2. బయోస్ ఫోటో

కంపెనీ సర్వర్ల నించి ఊడదీసిన బోర్డులు చవగ్గా వస్తాయి, చిప్‌సెట్ కూడా అదే 5520. కానీ బయోస్‌లో బేస్ క్లాక్ మార్చే చోటు ఉండదు. ఆ స్క్రీన్ ఫోటో తీసి పంపమనండి, పంపకపోతే వదిలెయ్యండి. ఓవర్‌క్లాకింగ్ కోసమే చేసింది 2010లో వచ్చిన ఈవీజీఏ ఎస్ఆర్-2, నా ఓటు దానికే. ఇప్పటి కొత్త చిప్పు ఒక్కటే దీన్ని తినేస్తుంది కదా అంటే తినేస్తుందండీ, ఏవీఎక్స్ (కొత్త చిప్పులకే తెలిసిన ఆదేశాలు) అడిగే కొత్త సాఫ్ట్‌వేర్లు దీంట్లో నడవవు కూడా. ఇది సరదా. 1999లో ఏబిట్ బీపీ6 మీద రెండు సెలెరాన్ 366లు పెట్టి, 66 మెగాహెర్ట్జ్ బస్ క్లాక్‌ని 100 చేసి చిప్పుని 550కి తోలినవాళ్ళకి ఈ సరదా ఏంటో తెలుసు. జతకి పనికిరావని ఇంటెల్ చెప్పిన చిప్పులవి!

3. రెండో సాకెట్

ఇక్కడే అందరూ మునిగేది. నిదానంగా చదవండి.

ఈ బోర్డు ఒక్క ప్రాసెసర్‌తో కూడా బూట్ అవుద్ది. అమ్మేవాడు మొదటి సాకెట్‌లో చిప్పు పెట్టి, రెండు మెమరీ స్టిక్కులు గుచ్చి, స్క్రీన్ మీద బొమ్మ రాగానే "టెస్టెడ్ ఓకే" అని రాసేస్తాడు. అబద్ధం కాదు, సగం నిజం. రెండో సాకెట్ మూత ఎవడూ తీసి ఉండడు. నేనూ ఇలాగే ఒకటి కొని, మూత తీస్తే మూలన నాలుగు పిన్నులు పడుకుని ఉన్నాయి. అడిగితే కొరియర్‌లో వంగుంటాయన్నాడు. మూత పెట్టుండగా కొరియర్‌లో ఎలా వంగుతాయండీ!

1366లో పిన్నులు చిప్పుకి కాదు, సాకెట్‌కే ఉంటాయి, ఒక్కోదానికి 1366. ఒకటి వంగినా బోర్డు చావకపోవచ్చు, అదే ప్రమాదం, ఓ మెమరీ ఛానల్ (ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య దారి) మాత్రం మాయమవుద్ది. ఒక్కో ప్రాసెసర్‌కి మూడు ఛానళ్ళు, ఛానల్‌కి రెండు స్లాట్లు, మొత్తం పన్నెండు. అందుకే రెండు చిప్పులూ పెట్టి, పన్నెండు స్లాట్లలోనూ 2 జీబీ స్టిక్కులు గుచ్చి, మొత్తం మెమరీ చూపించమని అడగండి. 24 రావాలి. 20 వస్తే ఒక ఛానల్ పోయినట్టే. "స్టిక్కు వదులుగా ఉందేమో సార్" అంటాడు, వినకండి, స్టిక్కులు మార్చి పెట్టినా అవే రెండు స్లాట్లు ఖాళీ చూపిస్తే అది సాకెట్టే.

చేతికొచ్చాక కూడా చిప్పు పెట్టకముందే చూడాలి. ఫ్యాన్ ఆపెయ్యండి. సెల్ టార్చి పైనించి కాదు, పక్కనించి ఏటవాలుగా వెయ్యండి. గట్టు మీద నిలబడి నాటిన చేను చూస్తే వరసలు ఎలా కనపడతాయో అలా కనపడాలి, పక్కకి ఒరిగిన మొక్క ఒక్కటే వేరేగా మెరుస్తుంది. నాలుగు వైపుల నించీ చూడండి, ఒక వైపు నించి బాగున్న వరస ఇంకో వైపు నించి వంకరగా దొరుకుద్ది. వేలు పెట్టొద్దు, గుడ్డతో తుడవొద్దు, దారం పిన్నుకి తగులుకుంటే లాక్కుపోద్ది. ఒకటీ అరా వంగితే లెడ్డు తీసేసిన 0.5 మెకానికల్ పెన్సిల్ గొట్టంతో, ఒకే ఒక్కసారి, మెల్లగా లేపాలి. అటూ ఇటూ రెండు మూడుసార్లు వంచితే విరిగిపోద్ది, ఇంక అంతే సంగతులు. నల్లగా కాలిన పిన్ను ఉంటే ముట్టుకోకుండా వెనక్కి పంపెయ్యండి.

సముద్రం దగ్గర ఊళ్ళవాళ్ళు పచ్చగా తుప్పు పట్టిందేమో కూడా చూసుకోండి, మా వైపు ఉప్పుగాలికి ఆర్నెల్లు మూత లేకుండా పెడితే చాలు.

4. మిగతావి

చిప్పులు 95 వాట్లవే. 130 వాట్ల జత మన మే నెల ఎండకి పెట్టకూడదు. 95 వాట్ల చిప్పు 4 గిగాహెర్ట్జ్‌కి, 1.35 వోల్టులకి వెళ్తే ఇంచుమించు 180 లాగుద్ది, జతకి 360, గ్రాఫిక్స్ కార్డు వేరే. 600 వీఏ యూపీఎస్ కుయ్యోమంటుంది. రెండు చిప్పుల మీదా ఒకే ఎస్-స్పెక్ నంబరు (చిప్పు మీద చెక్కిన ఇంటెల్ కోడ్) ఉండాలి.

క్యాబినెట్ గురించి అడక్కండి, ఎస్ఆర్-2 సైజు హెచ్‌పీటీఎక్స్, మామూలు వాటిలో పట్టదు. నాది ప్లైవుడ్ చెక్క మీద స్టాండాఫ్‌లు (బోర్డుని కాస్త ఎత్తులో నిలిపే చిన్న స్తంభాలు) వేసి బిగించాను, పక్కన టేబుల్ ఫ్యాన్.

అన్నట్టు విండోస్ హోమ్ వేసి "రెండో ప్రాసెసర్ చూపించట్లేదు, బోర్డు పోయింది" అని ఫోన్ చెయ్యకండి. హోమ్ ఒక్క సాకెట్‌నే వాడుకుంటుంది. ప్రో వెయ్యండి.