పనిలో గాయపడితే: బాధ్యత ఎవరిది, నష్టం ఎంత?

లెక్క మొదలుపెట్టే ముందు ఏ దారిలో అడుగుతున్నారో తేల్చుకోవాలి. చట్టబద్ధమైన కార్మిక పరిహారంలో ఎవరి తప్పన్నది పెద్దగా చూడరు. పనిలో ఉండగా, పని కారణంగా గాయమైందని చూపితే సాధారణంగా సరిపోతుంది. అయితే వచ్చే మొత్తానికి పరిమితి ఉంటుంది. రెండోది నిర్లక్ష్యాన్ని రుజువు చేసి వేసే దావా. మొదటి దారి ఉన్నచోట యజమానిపై రెండోది కుదరదని చాలా చట్టాలు అంటాయి. అలాంటప్పుడు యంత్రం తయారీదారు, స్థలం యజమాని, అదే చోట పనిచేస్తున్న మరో కాంట్రాక్టర్ వంటి మూడో పక్షాల వైపు చూడాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి, రావలసినదాన్ని వదులుకుంటారు.

నిర్లక్ష్యం దావాలో నాలుగు విషయాలు తేలాలి: జాగ్రత్త తీసుకోవలసిన బాధ్యత, దాన్ని తప్పడం, ఆ తప్పు వల్లే గాయం కావడం, దానితో నష్టం రావడం. బలహీనపడేది ఎక్కువగా మూడోదే. యంత్రానికి గార్డు (కదిలే భాగాల్లోకి చెయ్యి వెళ్లకుండా ఆపే అడ్డు) లేదని చూపితే చాలదు, గార్డు ఉంటే ఆ చెయ్యి లోపలికి వెళ్లేదా అన్నదానికి జవాబు కావాలి.

ఆధారాలు త్వరగా మాయమవుతాయి. సీసీ కెమెరా రికార్డింగు కొద్ది రోజులకే చెరిగిపోవచ్చు, యంత్రాన్ని బాగుచేసేస్తారు. కాబట్టి మొదటి రోజే ఫొటోలు తీసి, రికార్డింగు, మరమ్మతు రిజిస్టరు, షిఫ్టు జాబితా, శిక్షణ రికార్డులు భద్రపరచమని రాతపూర్వకంగా అడగాలి. శిక్షణ రిజిస్టరులో నెలల తరబడి సంతకాలన్నీ ఒకే సిరాతో, ఒకే తీరుగా కనిపిస్తే అనుమానించాల్సిందే. ఆసుపత్రి మొదటి చీటీలో గాయం ఎలా అయిందని రాశారో చూడండి. అక్కడ ‘ఇంట్లో జారిపడ్డారు’ అని ఉంటే, తర్వాత ఎంతమంది సాక్షులను తెచ్చినా అవతలి వకీలు ఆ చీటీనే పట్టుకుంటాడు.

కార్మికుడే గార్డు తీసేశాడన్న వాదన తరచుగా వస్తుంది. అది నిజమైనా విషయం అక్కడితో ముగియదు. ఎందుకు తీశాడు? గార్డు ఉంటే సరుకు ఇరుక్కుపోతోందా, టార్గెట్ అందడం లేదా, సూపర్‌వైజరు చూసీ ఊరుకున్నాడా? రోజూ అలాగే నడుస్తున్న పద్ధతైతే తప్పులో కార్మికుడి వాటా బాగా తగ్గుతుంది.

ఇక నష్టం. ఇప్పటిదాకా పోయిన జీతాన్ని చివరి నెల జీతంతో కాక, ప్రమాదానికి ముందు 12 నెలల సగటుతో లెక్కించాలి. లేకపోతే ఓవర్‌టైం, సీజను పని తప్పిపోతాయి. పదవీ విరమణ నిధికి, ఆరోగ్య బీమాకు యజమాని కట్టే వాటా కూడా నష్టమే.

భవిష్యత్ సంపాదన దగ్గర పెద్ద పొరపాటు, డాక్టరిచ్చిన వైకల్య శాతాన్నే సంపాదన నష్టంగా తీసుకోవడం. చూపుడువేలు పోతే శరీరానికి జరిగిన నష్టం దర్జీకీ కాపలాదారుకీ ఒకటే, సంపాదనకు జరిగే నష్టం ఒకటి కాదు. మునుపటి పని, ఇప్పుడు చేయగల పని, దానికి వచ్చే జీతం పక్కపక్కన పెట్టి తేడా తీయాలి.

ఒక ఉదాహరణ. వయసు 40, పని చేయగల కాలం ఇంకా 20 ఏళ్లు. ఏడాది సంపాదన 3,60,000 నుంచి 2,16,000కు పడింది, అంటే ఏటా 1,44,000 నష్టం. ఊరికే 20తో గుణిస్తే 28,80,000 వస్తుంది. కానీ డబ్బంతా ఒకేసారి చేతికొచ్చి వడ్డీ సంపాదిస్తుంది కాబట్టి ప్రస్తుత విలువకు, అంటే ఆ నష్టాలన్నిటికీ ఈరోజు సరిపోయే మొత్తానికి, తగ్గించాలి. వడ్డీ రేటులోంచి జీతాల పెరుగుదల తీసేయగా మిగిలిన నికర రేటు 2 శాతమైతే గుణకం (20కి బదులు ఏటా నష్టాన్ని గుణించాల్సిన అంకె) 16.35, నష్టం 23,54,400. అదే 4 శాతమైతే గుణకం 13.59, నష్టం 19,56,960. రేటు మీద అంత వాదన ఎందుకు జరుగుతుందో ఈ తేడాయే చెబుతుంది. జీతాల పెరుగుదలను వదిలేసి పూర్తి వడ్డీ రేటుతో తగ్గిస్తే కార్మికుడికి అన్యాయం. నికర రేటు వాడుతూ పెరుగుదలను మళ్లీ కలిపితే రెండుసార్లు లెక్కించినట్టే. జబ్బులు, నిరుద్యోగం వల్ల ఎవరైనా 20 ఏళ్లూ పూర్తిగా పని చేయకపోవచ్చు. 17 ఏళ్లే అనుకుంటే 2 శాతం వద్ద నష్టం 20,57,760కు దిగుతుంది.

వైద్య ఖర్చును వస్తువు వారీగా రాయాలి. కృత్రిమ కాలు 5 ఏళ్లకోసారి మార్చాలి, ఆయుర్దాయం ఇంకా 35 ఏళ్లు అనుకుందాం. ఈరోజు పెట్టేదానితో కలిపి 7 కాళ్లు. మొదటిదానికి బీమా ఇప్పటికే చెల్లించి ఉంటే 6. ఫిజియోథెరపీ, మందులు, ఇంటిపనికి మనిషి ఖర్చు వేరే వరుసల్లో వేయాలి. తేలికపాటి పని వెతికిన దాఖలాలు లేకపోతే కోర్టు కోత పెట్టవచ్చు, కాబట్టి దరఖాస్తుల నకళ్లు దాచుకోవాలి.

చివరి తీసివేతల్లో వరుస ముఖ్యం. మొత్తం నష్టం 24 లక్షలు, కార్మికుడి తప్పు 25 శాతం, ముందే అందింది 6 లక్షలు అనుకుందాం. తప్పు వాటా ముందు తీస్తే 18 లక్షలు, అందింది పోగా 12 లక్షలు. అందింది ముందు తీస్తే మిగిలిన 18 లక్షల్లో 75 శాతం, అంటే 13.5 లక్షలు. మీకు వర్తించే చట్టం ఏ వరుస చెబుతుందో చూసుకున్నాకే అంకె కాగితం మీద పెట్టండి.