జేబు గడియారాల పాఠం – 3: ఒట్టోమన్ డయల్ చదవడం

కిందటి పాఠంలో లండన్ గడియారకారుడు జార్జ్ ప్రయర్ తుర్కీ (అప్పటి ఒట్టోమన్ సామ్రాజ్యం) కొనుగోలుదారుల కోసం చేసిన గడియారం తొడుగులు ఒక్కొక్కటిగా విప్పాం. ఈసారి డయల్ దగ్గర ఆగుదాం. బంగారం, ఎనామెల్ (లోహం మీద కాల్చి అతికించిన గాజు పూత) పువ్వులు చూసి మురిసిపోయేవాళ్లు చాలామంది దాన్ని చదవకుండానే పక్కన పెట్టేస్తారు.

తెల్లని ఎనామెల్ మీద నల్లని అరబీ అంకెలు ఉంటాయి. ఒకటి నిలువు గీత. రెండు, మూడులకు తల దగ్గర పళ్లు వస్తాయి. నాలుగు మన 3ను అద్దంలో చూసినట్టు ఉంటుంది. తికమక అయిదుతో మొదలవుతుంది: అది అచ్చం మన సున్నాలా ఉంటుంది, అసలు సున్నా మాత్రం ఒక చుక్క. కాబట్టి పది అంటే గీత, పక్కన చుక్క. ఆరు మన 7ను పోలి ఉంటుంది. ఏడు నోరు పైకి తెరిచిన గరాటు, ఎనిమిది దాన్నే బోర్లించిన ఇంటికప్పు. ఉర్దూ అంకెలు వచ్చిన హైదరాబాదీలకు సగం పని అయిపోయినట్టే, కానీ ఉర్దూ నాలుగు, ఆరు వేరుగా రాస్తారు, జాగ్రత్త.

ఇంకో చిక్కు ఉంది. అంకెల పాదాలు కేంద్రం వైపు తిరిగి ఉంటే, కిందనున్న ఆరు తలకిందులై ఇంగ్లీషు ఎల్ అక్షరంలా కనిపిస్తుంది. ఏడు దాదాపు బోర్లపడి ఎనిమిదిని తలపిస్తుంది. అనుమానం వస్తే గడియారాన్ని తిప్పి, ఆ అంకెను పైకి తెచ్చి చూడండి.

ఇక అసలు విషయం. అంకెలు చదివేశాక కూడా సమయం తెలియదు! ఒట్టోమన్ల లెక్కలో సూర్యాస్తమయమే పన్నెండు గంటలు. అక్కడి నుంచి కొత్త రోజు మొదలు. గడియారంలో మూడు అయిందంటే పొద్దు గుంకి మూడు గంటలైందని అర్థం. సాయంత్రం 6:40కి సూర్యుడు అస్తమిస్తే, అది మన 9:40. పన్నెండు గంటలు గడిచాక ముల్లు మళ్లీ పన్నెండుకు వస్తుంది. దాన్ని సూర్యోదయం అనుకోకండి. పగలూ రాత్రీ సమానంగా ఉన్న రోజుల్లోనే ఆ రెండూ దాదాపు కలుస్తాయి.

సూర్యాస్తమయం వేళ రోజూ మారుతుంది కదా, మరి గడియారం? సొంతదారు సాయంత్రం ముల్లు సరిచేసుకునేవాడు. ఇస్తాంబుల్‌లో మార్చి, సెప్టెంబరు నెలల్లో రోజుకు నిమిషం పైచిలుకు తేడా వస్తుంది. మసీదుల పక్కనుండే మువక్కిత్‌ఖానాలలో సమయ నిర్ణేతలు సరైన వేళ చెప్పేవారు. తాళంచెవితో కీ ఇచ్చే ఆ కాలపు గడియారం రోజుకు కొన్ని నిమిషాలు తప్పినా, అంత గొప్పగా అలంకరించిన వస్తువును ఎవరూ ఎందుకు తిట్టుకోలేదో నాకు ఇక్కడే అర్థమైంది. రోజూ దిద్దుకునేదానికి ఆ పాటి లోపం ఒక లెక్కా? 1925 చివర్లో తుర్కీ చట్టం ఈ లెక్కను మార్చి, అర్ధరాత్రి నుంచి మొదలయ్యే 24 గంటల రోజును తెచ్చింది.

డయల్ మీదో లోపలి యంత్రం మీదో లండన్ పేరు కనిపించినంత మాత్రాన నమ్మేయకండి. పేరున్న లండన్ వారి సంతకాలతో స్విస్ నకళ్లూ వచ్చాయి. వాటిని పట్టుకోవడానికి వెండి మీది హాల్‌మార్కులు కావాలి; వచ్చే పాఠం వాటి గురించే.

అభ్యాసం: సూర్యాస్తమయం సాయంత్రం 5:50. ఆ రాత్రే గంటల ముల్లు గరాటుకూ ఇంటికప్పుకూ సరిగ్గా నడుమ, నిమిషాల ముల్లు ఆరు మీద ఉన్నాయి. మన గడియారంలో ఎంతయింది? జవాబు కాగితం మీద రాసి ఉంచండి, వచ్చే పాఠం దానితోనే మొదలవుతుంది.