ఫోన్‌కి తాళం, 4వ పాఠం: దొడ్డిదారి

ఈసారి, పని వేళలో యాప్‌లని ఆపి ఉంచే ఫోకస్ మోడ్‌కి షెడ్యూల్ పెట్టడం నేర్చుకోవాలి. అది వాయిదా. 3వ పాఠం చేసినవాళ్లలో చాలామంది రెండు చోట్ల బోల్తా పడ్డారు. అందులో ఒకటి నా తప్పే.

"దృష్టి మళ్లించే యాప్‌లన్నిటికీ ఫోకస్ మోడ్‌లో టిక్ పెట్టండి" అని రాశాను. ఆ "అన్నిటికీ" పట్టుకుని కొందరు మెసేజ్‌ల యాప్‌కి కూడా పెట్టేశారు. ఆండ్రాయిడ్‌లో ఫోకస్ మోడ్ నడిచినంతసేపు టిక్ ఉన్న యాప్ తెరుచుకోదు, దాని నోటిఫికేషన్లూ కనపడవు. ఓటీపీ వచ్చింది, చూసే దారి లేదు. గడువు దాటింది. టెన్షన్‌లో ఫోకస్ మోడ్ ఆపేశారు, ఇక మళ్లీ దాని జోలికి పోలేదు. కాబట్టి సవరణ: కాల్స్, మెసేజ్‌లు, మ్యాప్‌లు, గడియారం, డబ్బు పంపే యాప్ ముట్టుకోకండి. గడియారం యాప్‌లో గంటలు గంటలు మునిగిపోయిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

రెండోది టైమర్. "వీడియోల యాప్‌కి 30 నిమిషాల టైమర్ పెట్టాను, ఆ 30 నిమిషాలూ హాయిగా తెరుచుకుంది" అని ఫిర్యాదు. తెరుచుకుంటుంది మరి. యాప్ టైమర్ అంటే రోజుకింత అని ఇచ్చే రేషన్. అది అయిపోయాకే మూత పడుతుంది, అర్ధరాత్రి దాటగానే మళ్లీ నిండుతుంది. పని చేసుకునేటప్పుడు కావాల్సింది ఫోకస్ మోడ్. ఐఫోన్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడ ఫోకస్ అనేది నోటిఫికేషన్ల నోరు మూయిస్తుందే గానీ యాప్ తెరవకుండా ఆపదు. ఆపాలంటే స్క్రీన్ టైమ్‌లో డౌన్‌టైమ్ పెట్టుకోవాలి.

సెట్టింగ్స్ ఎక్కడుంటాయో, టిక్ ఎలా పెట్టాలో ఇక చెప్పను. ఇప్పుడు బ్రౌజర్ సంగతి. దీని మీద నాకు పాత కక్ష ఉంది.

ఒకరోజు రాసుకుంటూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. బొటనవేలు దాని మానాన అది అలవాటైన చోటికి వెళ్లింది. ఐకాన్ బూడిద రంగులో ఉంది. నొక్కితే, యాప్ ఆపి ఉంచాం అన్నట్టు ఒక చిన్న పెట్టె వచ్చింది. అక్కడితో ఫోన్ కింద పెట్టాల్సింది. పెట్టలేదు. పక్కనే ఉన్న బ్రౌజర్ తెరిచి ఒక అక్షరం కొట్టాను. ఒక్కటే అక్షరం! మిగతా అడ్రసంతా అదే నింపి పెట్టింది. లాగిన్ కూడా అడగలేదు. తల ఎత్తేసరికి 20 నిమిషాలు అయిపోయాయి. ముందు తలుపుకి తాళం వేసి, దొడ్డి తలుపు బార్లా తీసి పెట్టుకున్నాను.

ఇలా ఎందుకవుతుందంటే, ఫోకస్ మోడ్‌కి తెలిసింది యాప్‌లు మాత్రమే. బ్రౌజర్‌లో మీరు ఏ సైటు చూస్తున్నారో దానికి పట్టదు. యాప్ ఆపడం వేరు, సైటు ఆపడం వేరు.

నా పద్ధతి మొరటుది: బ్రౌజర్‌కే టిక్ పెట్టేస్తాను. పనికి బ్రౌజర్ కావాలి కదా అంటారు. కావాలి. పక్కన ఒక చిత్తుకాగితం పెట్టుకుని, వెతకాల్సినవన్నీ దాని మీద రాసి, పని విడత అయిపోయి గంట కొట్టాక ఒకేసారి వెతుకుతాను. అప్పటికి సగం అక్కర్లేనివని తేలిపోతాయి.

ఇది కుదరనివాళ్లు సైట్ల జాబితా పెట్టుకోనిచ్చే బ్లాకర్ యాప్ వాడండి. అడ్రస్ బార్ చూడ్డానికి అవి చాలావరకు యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. అది ఇస్తే తెర మీది అక్షరాలన్నీ చదవగలవు, అందుకని ఊరూపేరూ లేని యాప్‌కి ఇవ్వకండి. "నిన్న పనిచేసింది, ఇవాళ పనిచేయట్లేదు" అంటే ముందు అనుమానించాల్సింది బ్యాటరీ పొదుపునే. ఫోన్ ఆ యాప్‌ని చాటుగా ఆపేసి ఉంటుంది. దాని బ్యాటరీ సెట్టింగ్‌ని అన్‌రిస్ట్రిక్టెడ్‌కి మార్చండి. ఐఫోన్‌లో వేరే యాప్ అక్కర్లేదు, స్క్రీన్ టైమ్‌లోని యాప్ లిమిట్స్‌లో సైట్ల పేర్లు కూడా చేర్చుకోవచ్చు, కాకపోతే అదీ టైమర్‌లాగే రోజుకింత అనే రేషన్.

ఇంతటితో అయిపోలేదు. చాలా ఫోన్లలో తయారీదారు ఇచ్చిన రెండో బ్రౌజర్ ఒకటి ఏ ఫోల్డర్‌లోనో నక్కి ఉంటుంది, దానికీ టిక్ పెట్టండి. ఎప్పుడో హోమ్ స్క్రీన్ మీదకి తెచ్చుకున్న సైటు షార్ట్‌కట్ ఉంటే తీసేయండి. చాట్‌లో వచ్చిన లింకు నొక్కితే కొన్ని యాప్‌లు లోపలే పేజీ తెరిచేస్తాయి, దాన్నీ చూసుకోండి. అన్నిటికంటే నాకు బాగా పనికొచ్చింది మాత్రం లాగౌట్. సైట్లో లాగౌట్ చేసి, సేవ్ అయిన పాస్‌వర్డ్ చెరిపేశాను. ఇప్పుడు లోపలికి పోవాలంటే 19 అక్షరాలు కొట్టాలి. ఏడో అక్షరం దగ్గరే సిగ్గేస్తుంది. క్రోమ్‌లో ఆ మొదటి అక్షరానికి వచ్చే సూచనని వేలితో నొక్కి పట్టుకుంటే, దాన్ని కూడా తీసేయొచ్చు.

ఫోకస్ మోడ్‌లో 5, 15, 30 నిమిషాల విరామం ఇచ్చే బటన్ ఉంది. నొక్కకండి.

అభ్యాసం: ఐదు రోజులు, రోజుకి మూడు విడతలు, విడతకి 25 నిమిషాలు. 25 నా లెక్క కాదు, ఫ్రాంచెస్కో సిరిల్లో 1980ల చివర్లో టొమాటో ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి. వేలు ఫోన్ వైపు వెళ్లిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయండి. పక్కనే అది ఏ దారిన వెళ్లబోయిందో రాయండి: ఐకాన్, బ్రౌజర్, లింకు, విరామం బటన్. మొదటి రోజు గీతలు ఎక్కువొస్తే కంగారు పడకండి, నాకు తొలి విడతలోనే 14 వచ్చాయి. ఒక్క గీత కూడా లేదంటే మాత్రం గీయడం మర్చిపోయారన్నమాట, ఆ విడత మళ్లీ చేయండి. ఆ కాగితాలు పారేయొద్దు. 5వ పాఠంలో షెడ్యూల్ వేసేది వాటిని ముందు పెట్టుకునే.