టబ్బు స్పౌట్ మార్చేముందు చూసుకోవలసినవి

గోడ నుంచి బయటికి వచ్చి టబ్బులోకి నీళ్లు పోసే గొట్టమే స్పౌట్. దాని మూతి నుంచి నీటిబొట్లు టబ్బులో పడుతుంటే కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. బిగింపు సరిగా లేని స్పౌట్ అలా కాదు. నీళ్లు దాని గుల్లలోనే వెనక్కి పారి, పైపు వెంట గోడలోకి దిగుతాయి. అవతలి గది గోడకు చెమ్మ పట్టేదాకా ఎవరికీ తెలియదు.

కొత్తది కొనకముందే పాతది విప్పండి. ముందుగా నీటి సరఫరా కట్టేసి, టబ్బు తూముకు గుడ్డ కుక్కండి. స్పౌట్ అడుగున, గోడకు దగ్గరగా వేలితో తడిమి చూడండి. చిన్న రంధ్రం, అందులో స్క్రూ తగిలితే, అది రాగి పైపు మీదికి తొడిగే రకం. అలెన్ కీతో, అంటే ఆరు పలకల కడ్డీ లాంటి పనిముట్టుతో, వదులు చేసి ముందుకు లాగితే వస్తుంది. స్క్రూ లేకపోతే దాదాపుగా మరల రకమే, ఎడమకు తిప్పి విప్పాలి. తిప్పుతున్నప్పుడు లోపలి పైపు కూడా కదులుతున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆపి ప్లంబర్‌ను పిలవండి. గోడలో అతుకు విరిగితే టైల్స్ పగలగొట్టక తప్పదు.

ఇక కొలతలు. గోడ నుంచి పైపు ఎంత బయటికి వచ్చిందో రాసుకోండి. కొన్ని స్పౌట్‌లకు మరలు గోడ వైపు ఉంటాయి, కొన్నిటికి మూతి దగ్గర. పైపు పొట్టిదైతే రెండో రకం అందదు, నిపుల్, అంటే రెండు చివరలా మరలున్న పొట్టి పైపు ముక్క, మార్చాలి. తొడిగే రకానికి సాధారణంగా అరంగుళం రాగి పైపు, అంటే బయటి వ్యాసం 5/8 అంగుళం ఉండాలి. అరంగుళం మరల్లో ఒక చిక్కుంది. అమెరికా ప్రమాణమైన ఎన్‌పీటీకీ, బ్రిటిష్ ప్రమాణమైన బీఎస్‌పీకీ అంగుళానికి 14 మరలే. అందుకే ఒకదానిలో ఒకటి ఎక్కినట్టే ఉంటుంది, కానీ మర కోణాలు వేరు. ఎంత టేపు చుట్టినా ఆ జోడీని నమ్మలేం.

షవర్‌కు నీటిని మళ్లించే డైవర్టర్ గోడలోని వాల్వులోనే ఉంటే, మామూలు స్పౌట్ చాలు. ఏ రకమైనా టబ్బు నిండినప్పుడు దాని మూతి నీళ్లలో మునగకూడదు. టబ్బు అంచుకు తగినంత పైన ఉండాలి. పైపులో ఒత్తిడి పడిపోతే, మునిగిన మూతి స్నానం చేసిన నీళ్లను వెనక్కి పీల్చుకోగలదు.

టెఫ్లాన్ టేపును మరలు బిగిసే దిశలోనే మూడు నాలుగు చుట్లు చుట్టి, చేత్తోనే బిగించండి. మూతిలో స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పే అలవాటు చాలామందికి ఉంది, డైవర్టర్ విరిగేది అప్పుడే. బిగిశాక మూతి పక్కకు తిరిగి ఉంటే వెనక్కి తిప్పి సర్దకండి. విప్పి, టేపు తాజాగా మరికాస్త చుట్టి బిగించండి. రాగి పైపైతే కోసిన అంచు గరుకును ఎమరీ కాగితంతో నున్నగా రుద్దాలి, లేకపోతే నీళ్లు కారకుండా ఆపే లోపలి రబ్బరు వలయం (ఓ-రింగు) తెగుతుంది. స్క్రూను బలవంతంగా బిగిస్తే పైపు సొట్టపడుతుంది.

పరీక్షించేటప్పుడు ఊరికే నీళ్లు వదిలి తృప్తిపడకండి. మూతి తెరిచి ఉన్నంతసేపు అతుకు మీద ఒత్తిడి పెద్దగా ఉండదు. స్పౌట్‌కు డైవర్టర్ ఉంటే దాన్ని పైకి లాగి, షవర్‌ను కొన్ని నిమిషాలు నడపండి. స్పౌట్ గోడను తాకే చోట అడుగున పొడి టిష్యూ కాగితం ఆనించి చూడండి. తడి కాకపోతేనే సిలికాన్ పూయండి. పైనా పక్కలా పూసి, అడుగున కాస్త ఖాళీ వదలండి. లోపల ఎప్పుడైనా కారితే నీళ్లు అక్కడినుంచి బయటపడతాయి. సిలికాన్ ఆరడానికి ట్యూబు మీద రాసిన గడువు పూర్తయ్యాకే టబ్బు వాడండి.